రెండువందల పన్నెండో పళ్ళెం

తుకిరన్ మాస్టారు రోజుకు ఒక్క పళ్ళెమే చూస్తారు. అది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. తెల్లవారుజాము నమాజు అయ్యాక కాఫీకి నీళ్ళు పొయ్యి మీద పెడతారు. ముందుగదిలో కంప్యూటర్ మీద కప్పిన బాతిక్ గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో నిటారుగా కూచుంటారు. సరిగ్గా ఆరింటికి ఆ రోజు ఆల్బం తెరుస్తారు. ముందు బొమ్మ చూస్తారు. కాఫీ తాగినంతసేపూ ఆలోచిస్తారు. ఆ తర్వాతే పాట పెడతారు.

ఆ శనివారం రెండువందల పన్నెండో ఆల్బం వంతు. తెరిస్తే పళ్ళెం లేదు. దాని చోట తెల్లకోటు తొడుక్కున్న మనిషొకడు మోటారుసైకిలుకు చేరగిలబడి గులాబీపువ్వు వాసన చూస్తున్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఆ మనిషి ఇంకా వాసన చూస్తూనే ఉన్నాడు.

ఇది కూడా భార్య లస్మినా వేళాకోళమే అయి ఉంటుందని మొదట అనుకున్నారు. అనుమానం తీరక వెనక్కి వెళ్ళి నిన్నటిది చూశారు. నిన్న ఆ పళ్ళెంలో మూడు చింతకాయలూ ఒక బస్సు టిక్కెట్టూ ఉన్నాయి. ఇవాళ ఒకావిడ ఉంది. ఆవిడ జుట్టు విందునాటి పసుపన్నం గోపురంలా నెత్తిన నిలబడి ఉంది. మొన్నటి దాంట్లో నలుగురు కుర్రాళ్ళు, ఒకే రకం చొక్కాలు, ఒకే రకం మీసాలు. రెండువందల పదమూడు కూడా చూడబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అది రేపటిది.

చెప్పాపెట్టకుండా ఎవరో తెలియని చుట్టాలు ఇంటినిండా దిగినట్టుంది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

లస్మినా దగ్గర మూడువందల పద్దెనిమిది క్యాసెట్లు ఉండేవి. క్రొంచొంగ్ పాటలు, దంగ్దుత్ పాటలు, పెళ్ళిళ్ళలో వాయించే గమెలాన్, అన్నీ. ఒక ఏడాది బ్రాంతాస్ నది పొంగి వీధిలోకి, వీధిలోంచి అలమారలోకి వచ్చింది. క్యాసెట్లను ఆరబెట్టి బతికించుకుంది గానీ వాటి అట్టలన్నీ ముద్దయిపోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, మాస్టారు రిటైరయ్యాక, ఆమె ఒక్కొక్క క్యాసెట్టునూ పాత టేపురికార్డరులో ఆడించి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళు పట్టింది. ప్రతి ఆల్బం దగ్గరా కంప్యూటర్ అట్టబొమ్మ ఏదని అడిగేది. అట్టలు లేవు. ఆమె వంటింట్లోంచి నీలం అంచున్న తెల్ల ఎనామిల్ పళ్ళెం తెచ్చి, అందులో ఏదో ఒకటి పెట్టి, ఫోనుతో ఫొటో తీసి, అదే బొమ్మగా పెట్టేసేది.

ఏది ఎందుకు పెట్టిందో మాత్రం చెప్పేది కాదు.

"ముప్పయ్యారేళ్ళు పిల్లలకు ప్రశ్నలు వేశారుగా," అనేది. "ఇప్పుడు మీరు జవాబులు రాయండి."

"తర్వాత చూస్తాను," అనేవారు మాస్టారు. అప్పట్లో ఆయనకు గువ్వపిట్టల పెంపకం మీద మోజు. ఆ నాలుగేళ్ళలో ఒక్క బొమ్మ కూడా నిలబడి చూడలేదు.

పోయిన ఏడాది వానల్లో లస్మినా చనిపోయింది. నూరోరోజు ప్రార్థనలు జరిగి, వచ్చినవాళ్ళంతా భోజనం పొట్లాలు పట్టుకుని వెళ్ళిపోయిన మర్నాడు, మాస్టారు రెండు గీతల నోటుపుస్తకం ఒకటి కొనుక్కొచ్చి ఒకటో నంబరు తెరిచారు. పళ్ళెంలో మాడిపోయిన సోయాగింజల టెంపే ముక్క ఒక్కటే ఉంది. పాట వినగానే గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆ పాట వింటూ నిలబడిపోయి ఆమె మాడ్చిన మొదటి కూర అది. పుస్తకంలో రాసుకున్నారు. యాభైఏడో దాంట్లో తాళంకప్ప, తాళంచెవి లేదు. అది కూడా తెలిసింది. నూట ముప్పయ్యో పళ్ళెంలో పిల్లి కూచుని ఉంది. దాని గురించి మూడు రోజులు ఆలోచించి చివరికి ఇలా రాశారు: "పిల్లి తనంతట తనే వచ్చి కూచున్నట్టుంది. సంగీతంతో సంబంధం కనబడదు."

రోజుకొకటి చొప్పున చూస్తే ఇంకా నూట ఏడు రోజులు లస్మినా ఆయనకు కొత్తగా ఏదో ఒకటి చెబుతుంది. ఆ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదింటికి తమ్ముడి కూతురు నింగ్రుమ్ స్కూటరు మీద వచ్చింది. యూనివర్సిటీ దగ్గర ఫొటోకాపీ దుకాణంలో పని చేస్తుంది. గురువారం నాడు ఈ ఇంటి కంప్యూటర్‌నీ మాస్టారి ఫోన్‌నీ కలిపి పాటలన్నీ క్లౌడ్‌లో పెట్టే ఏర్పాటు చేసింది తనే. ఉదయం నడకకు వెళ్ళినప్పుడు పెదనాన్న చెవిలో పాట పెట్టుకోవచ్చని ఆ పిల్ల ఆశ.

"అంటే పాటలు ఎక్కడ ఉంటాయి?" అని ఆయన ఆ రోజే అడిగారు.

"పైన, పెదనాన్నా. మబ్బులో."

"ఈ ఊళ్ళో మబ్బెక్కినవన్నీ మధ్యాహ్నం మూడుకల్లా మన పెంకుల మీదే పడతాయి," అన్నారాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇవాళ నింగ్రుమ్ నవ్వలేదు. మౌసు కదుపుతూ పెదవి కొరుక్కుంది.

"మీరు ఇటు చూడకండి, నాకు తెలుసు మీ నియమం," అంది. అన్నీ కిందిదాకా జరిపి చూసి, "చూసినా ఫర్వాలేదు లెండి. మూడువందల పద్దెనిమిదీ మనుషులే. ఒక్క పళ్ళెం లేదు."

"ఎందుకు పోయాయి?"

"ఆ క్లౌడ్ కంపెనీ వాళ్ళ దగ్గర ప్రతి ఆల్బంకీ అసలు అట్టబొమ్మ ఉంటుంది. వాళ్ళ యంత్రం మన పాటలు పోల్చి చూసుకుని, పెద్దమ్మ పెట్టినవి పొరపాటున పడ్డ ఫొటోలనుకుంది. నిన్న పొద్దుటిపూట ఒక్కొక్కటీ తీసేసి వాళ్ళవి పెట్టింది. తప్పు దిద్దాననుకుంటోంది."

"అడక్కుండానే?"

"అడిగే ఉంటుంది. గురువారం నేనే ఏదో గబగబా 'సరే' కొట్టాను." నింగ్రుమ్ మౌసు వదిలేసింది. మళ్ళీ తనే తేరుకుంది. "అయినా కంగారు లేదు. పెద్దమ్మ పెన్ డ్రైవులో ఇంకో కాపీ ఉందిగా. దాంట్లోంచి వెనక్కి పోసేద్దాం."

మాస్టారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి గువ్వపిట్ట పంజరాన్ని కొంచెం ఇటు జరిపారు. మళ్ళీ ఉన్నచోటికే జరిపారు.

బళ్ళో పనిచేసినన్నాళ్ళూ ఆయన హాజరుపట్టీలు రెండు ప్రతుల్లో రాసేవారు. మొదటి ప్రతిలో ఏ దిద్దుబాటు పడినా ఆ పూటే రెండోదాంట్లోనూ పడాలి. ఏ ఇన్‌స్పెక్టరూ ఆయన పట్టీల్లో తేడా చూపించలేకపోయాడు. ఆ అలవాటు చొప్పున ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చాక పెన్ డ్రైవు పెట్టి రెండూ సరిచూస్తారు. నిన్న యంత్రం అడిగింది: రెండింటికీ మూడువందల పద్దెనిమిది చోట్ల తేడా ఉంది, ఏది ఉంచమంటారు? పాటలు పైకెక్కాయి కాబట్టి తేడా వచ్చి ఉంటుందనుకున్నారు. కొత్తదే ఉంచమన్నారు.

"ఆ కాపీ నేనే దిద్దాను," అన్నారు. "నిన్న. చాలా శ్రద్ధగా."

నింగ్రుమ్ అప్పుడు ఏడ్చింది. ఆయన లోపలికి వెళ్ళి ఆ పిల్లకు కాఫీ కలిపి తెచ్చారు. తెలియక చేసిన తప్పుకు ఆయన ఎన్నడూ ఏ పిల్లనూ నిలబెట్టలేదు. లస్మినా ఫోను గురించి ఇద్దరికీ ఒకేసారి తట్టింది, ఒకేసారి ఆశ పోయింది. నలభయ్యోరోజు దాటాక ఆమె వస్తువులు పంచినప్పుడు ఫోను కెదిరి ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలికి వెళ్ళింది. వెళ్ళేముందు దాన్ని లోపలంతా శుభ్రంగా తుడిచింది నింగ్రుమే.

అప్పుడు గుమ్మం ముందు తోపుడుబండి ఆగింది.

"ఏం మాస్టారూ, ఇవాళ పాట లేదు?" జుమాది తల లోపలికి పెట్టాడు. ఎదురింట్లో ఉంటాడు, బక్సో, అంటే మాంసపుండల పులుసు, అమ్ముతాడు. "ఆరింటికి మీ పాట మొదలైతే గానీ నేను పులుసు కింద మంట పెట్టను. ఇవాళ ఎదురుచూస్తూ కూచుంటే ఎనిమిదయింది. మీ మూలంగా మార్కెట్టు వాళ్ళంతా ఆకలితో నన్ను తిడుతున్నారు."

మాస్టారు కంప్యూటర్ వైపు చూపించారు. జుమాది దగ్గరికొచ్చి తెల్లకోటు మనిషిని పరీక్షగా చూశాడు.

"ఎవరీయన? మీ తోడల్లుడా?"

"బాబాయ్, వేళాకోళం కాదు," అంది నింగ్రుమ్, జరిగిందంతా చెప్పింది.

జుమాది మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పళ్ళెం బొమ్మలా? నీలం అంచు పళ్ళెమేనా? అవి మా ఆవిడ ఫోనుకు వచ్చేవిగా, వారానికి ఒకటో రెండో, పొద్దున్నే. ఇది ఏ పాట చెప్పుకోండి అని మీ ఆవిడ ఆడవాళ్ళ గుంపుకంతటికీ పంపేది. వీధి వీధంతా ఆ బొమ్మ పట్టుకుని వాదులాటే. సాయంత్రం జవాబు చెప్పేది. ఒకసారి నా బండి గరిట కూడా పట్టుకుపోయి పెట్టింది. ఆ రోజు నేను టీ గ్లాసుతో పులుసు పోశాను."

మాస్టారు కుర్చీలో కూచున్నారు. ఇరవై ఇళ్ళవాళ్ళు నాలుగేళ్ళపాటు ఆడిన ఆట అది. ఈ ఇంట్లోనే ఉన్న ఆయనకు ఆ సంగతే తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

"ఇంకా ఉన్నాయా అవి?" అన్నారు.

"రేపు ఆదివారం. కాలువ పూడిక తీయడానికి వీధంతా బయటే ఉంటుంది. అడుగుదాం," అన్నాడు జుమాది. "ముందు ఏదో ఒక పాట పెట్టండి, పులుసు మరగాలి."

ఆదివారం ఏడింటికి వీధిలోవాళ్ళంతా పారలతో, చీపుళ్ళతో దిగారు. నెలకోసారి అందరూ కలిసి చేసే పని. మగవాళ్ళు మోకాళ్ళలోతు బురదలో నిలబడి కాలువ తోడతారు, ఆడవాళ్ళు చెత్త ఊడ్చి గోనెసంచుల్లో కూరతారు, తొమ్మిదింటికి అందరికీ వేయించిన కర్రపెండలం, కాఫీ. మాస్టారు ప్రతినెలా వచ్చేవారే గానీ లస్మినా పోయాక ఇదే రావడం. పార ఇస్తే ఆయన చేతిలోంచి ఎవరో ఒకరు లాక్కుంటూనే ఉన్నారు.

కాఫీల వేళకు సంగతి అందరికీ తెలిసింది. ఆడవాళ్ళు బురదచేతులు కొంగులకు తుడుచుకుని ఫోన్లు తీశారు. మొహాలు వాడిపోయాయి. ఒకావిడ ఫోను మార్చింది. ఇంకొకావిడ ఫోను నిండిపోయిందని అల్లుడు అన్నీ తుడిచేశాడు. జుమాది భార్య దగ్గర గరిట బొమ్మ ఒక్కటే మిగిలింది, అది కూడా మొగుణ్ణి ఆటపట్టించడానికి దాచుకుంది.

"బు సార్పి ఏది?" అని ఎవరో అన్నారు.

బు సార్పి, అంటే సార్పిగారు, మూలింటి విధవరాలు. ఆవిడ ఏదీ పారెయ్యదు. ఇంట్లో ఖాళీ బిస్కెట్టు డబ్బాలకు ఒక గది ఉంది. ఆవిడ ఫోను అద్దం మూడుచోట్ల పగిలింది, మీట నొక్కితే తెర వెలగడానికి ఒక పూట పడుతుందని వీధంతా నవ్వుతుంది. ఆవిడ నింపాదిగా పెండలం ముక్క నమిలి, మింగి, నడుముకు కట్టిన సంచిలోంచి ఫోను తీసింది.

"ఆరేళ్ళ నుంచి ఒక్కటి తుడవలేదు," అంది. "అందరూ నవ్వారు కదా. నత్త ఫోను అన్నారు కదా. ఇప్పుడు అడగండి, మర్యాదగా."

"బు సార్పీ, దయచేసి," అన్నారు మాస్టారు.

ఆవిడకు అంత మర్యాద అలవాటు లేదు. గబగబా ఫోను చేతికిచ్చేసింది. "మూడువందల పద్దెనిమిదీ ఉన్నాయి మాస్టారూ, జవాబులతో సహా. వాటితోపాటు నాలుగు వేల శుభోదయాలు కూడా ఉన్నాయి, అవి మీకు ఉచితం. ఇదిగో, ఈ ఉప్పు పొట్లం ఉంది చూడండి, ఇది ఎందుకంటే—"

మాస్టారు చెయ్యెత్తారు. అరచెయ్యి ముందుకు, వేళ్ళు కలిపి. ఆ వీధిలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. చెయ్యి లేవగానే కాలువలో పారలు కూడా ఆగాయి.

"ఎవరూ చెప్పకండి," అన్నారు. "నేను రెండువందల పదకొండు చూశాను. ఇంకా నూట ఏడు ఉన్నాయి. అవి నాకు రోజుకొకటే కావాలి. జవాబు నేనే రాయాలి." ఎత్తిన చెయ్యి దించారు. "ఆమె ఆ మాట ఎప్పుడో చెప్పింది. నేనే ఆలస్యం చేశాను."

జుమాది కాలువలోంచి అన్నాడు: "మాస్టారూ, మీరు అడిగేది మామూలు పని కాదు. బు సార్పి నూట ఏడు రోజులు నోరు మూసుకోవాలి."

"నేను మూసుకోగలను," అంది బు సార్పి.

"మొన్న మా అమ్మాయికి సంబంధం కుదిరిన సంగతి నాకంటే ముందు నీకే తెలిసింది. నాకంటే ముందు నువ్వే మార్కెట్లో చెప్పావు," అంది జుమాది భార్య.

"అది సంతోషం. ఇది వేరు," అంది బు సార్పి.

పని మిగతావాళ్ళు చూసుకుంటామన్నారు. బు సార్పి ఇంటి అరుగు మీద చాప పరిచి, నింగ్రుమ్ మాస్టారింట్లోంచి తెచ్చిన కంప్యూటర్‌తో కూచుంది. ముందుగా ఆ క్లౌడ్ ఏర్పాటు తీసేసింది. పెదనాన్న ఫోనులోకి పాటలు ఇకనుంచి వైరు పెట్టి తనే పోస్తానంది. అప్పుడు ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఏ పళ్ళెం ఏ ఆల్బందో బు సార్పి ఫోనులో పాత సాయంత్రాల జవాబుల్లో ఉంది. చెవిటి ముసలావిడ కూడా అర్థం చేసుకునేట్టు వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు సైగలు చేసుకున్నారు. మాస్టారిని మాత్రం జుమాది బండి బల్ల మీద, వీపు ఇటు తిప్పి కూచోబెట్టారు.

"తల తిప్పితే గోడకుర్చీ వేయిస్తాం," అన్నాడు జుమాది. ఐదో తరగతిలో వాడికి ఆయన ఎన్నోసార్లు వేయించారు. "ముప్పయ్యేళ్ళు ఎదురుచూశాను ఈ రోజు కోసం."

మాస్టారు గోడ వైపు చూస్తూ కూచున్నారు. గోడ మీద నాచు, ఒక చీమల బారు. వెనక నవ్వులు వినబడుతున్నాయి. ఒక బొమ్మకు అందరూ ఒకేసారి పకపకలాడారు. ఇంకోదానికి బు సార్పి "అయ్యో తల్లీ, ఆ చెప్పు నాదే" అనబోయి ఎవరో నోరు మూస్తే మధ్యలో ఆగింది. చెప్పు ఉందని ఆయనకు తెలిసిపోయింది. ఏ నంబరో తెలియలేదు కాబట్టి సరిపెట్టుకున్నారు.

ఒక్కసారి మాత్రం వెనక ఏ చప్పుడూ లేదు. నవ్వు లేదు, గుసగుస లేదు. ఎవరో ముక్కు చీదారు. జుమాది పార చప్పుడు కూడా ఆగింది. మాస్టారు తిరిగి చూడలేదు. చీమల బారు గోడ పగులు దాకా వెళ్ళి, చుట్టు తిరిగి, అవతల మళ్ళీ కలిసింది. అక్కడిదాకా చూశారు. తర్వాత మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి.

మధ్యాహ్నం వాన పడకముందే పని అయిపోయింది. పెన్ డ్రైవులో కూడా కొత్త కాపీ పోసి నింగ్రుమ్ దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఇకమీదట ఇది తేడా ఉందంటే, ముందు నాకు ఫోను చెయ్యండి. మీరు దిద్దకండి."

"దిద్దను," అన్నారు మాస్టారు, పిల్లవాడిలా.

సోమవారం ఆరింటికి బాతిక్ గుడ్డ నాలుగు మడతలు పడింది. కాఫీ పక్కన పెట్టుకుని, నోటుపుస్తకం తెరిచి, రెండువందల పన్నెండు మీద నొక్కారు.

బొమ్మ కొంచెం మసకగా ఉంది. ఫోన్లు మారి మారి వచ్చింది కదా. తెల్ల పళ్ళెం, నీలం అంచు. మధ్యలో బొటనవేలంత ఎర్ర పెన్సిలు ముక్క, మిగతాదంతా అరిగిపోయింది. అది ఆయనదే. రెండేళ్ళ కిందట డబ్బాలోంచి ఒక పూట మాయమై మళ్ళీ కనబడింది. అప్పుడు పిల్లిని అనుమానించారు.

ఈసారి కాఫీ అయ్యేదాకా ఆలోచించనక్కర్లేకపోయింది. పెళ్ళికి ముందు లస్మినా బళ్ళో గుమాస్తాగా ఉండేది. ఒకనాడు ఆమె ఒక క్యాసెట్టూ, దాంతోపాటు ఆ పాటలో ఆయనకు నచ్చుతుందనుకున్న చరణం చేత్తో రాసిన కాగితమూ ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆయన ఆ సాయంత్రం శ్రద్ధగా చదివి, కాగితంలో నాలుగు తప్పులు ఎర్ర పెన్సిలుతో దిద్ది, మర్నాడు ఆమెకు తిరిగి ఇచ్చారు. పదహారు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. పదిహేడోరోజు వచ్చి, "అడక్కుండా ఎవరు దిద్దమన్నారు?" అంది. ఆరు నెలలకు పెళ్ళయింది.

మాస్టారు నవ్వారు. ముందు లోపల్లోపల, తర్వాత పైకి. గువ్వపిట్ట ఉలిక్కిపడి తల ఇటు తిప్పింది. నోటుపుస్తకంలో రాశారు: "212. ఎర్ర పెన్సిలు. నాదే తప్పు. రెండుసార్లు చేశాను." రాసినదాన్ని ఒకసారి చదువుకుని, ఏమీ దిద్దకుండా పుస్తకం మూసి, పాట పెట్టారు.

ఎదురింట్లో పొయ్యి వెలిగిన చప్పుడయింది.

"ఇవాళ ఏమొచ్చింది మాస్టారూ?" జుమాది వీధి అవతలినుంచి కేకేశాడు.

"చెప్పను."

"నాకు తెలుసు," అంది బు సార్పి మూలింటి అరుగు మీదనుంచి. ఆ తర్వాత, వీధి వీధంతా ఎదురుచూస్తుండగా, నోరు మూసుకుంది.